కిటికీకి వేసిన అతుకు

మా ఇంటికి ముందు తలుపు ఒకటుంది, నిజమే, కానీ మనుషులు వచ్చేది మాత్రం కిటికీ దగ్గరికి. వీధి వైపు గదిలో, నడుమెత్తులో ఉన్న ఆ కిటికీ వెనకాల మా నానమ్మ కుట్టు మిషన్ వేసుకుని కూర్చుంటుంది. జిప్పు పోయిన ప్యాంట్లు, పొడుగైన స్కర్టులు, భుజం దగ్గర విడిపోయిన కోట్లు, ఒకసారైతే ఊచ విరిగిన గొడుగు, అన్నీ ఆ కిటికీలోంచే లోపలికొస్తాయి, బాగుపడి మళ్లీ అందులోంచే బయటికెళ్తాయి. ఆసుపత్రిలో పనిచేసే నర్సక్క అయితే ఆగను కూడా ఆగదు. నడుస్తూ నడుస్తూనే యూనిఫాం లోపలికి విసిరేసి, "పెద్దమ్మా, నడుము దగ్గర కాస్త వదులు!" అని అరుస్తుంది.

"కాస్తంటే ఎంతే? ఇప్పటిదాకా తిన్నదానికా, ఇకముందు తినబోయేదానికి కూడానా?" అని నానమ్మ ఇక్కణ్ణించి అరుస్తుంది. వీధంతా నవ్వుతుంది. మా ఇంట్లో రోజు మొదలయ్యేది అలాగ.

ఆ కిటికీకి ఊచల్లేవు. రెండు చెక్క తలుపులు, అవి బయటికి తెరుచుకుంటాయి, లోపల ఒక చిన్న గొళ్లెం, అంతే. ఊచలుంటే బట్టలు చిక్కుకుంటాయని తాతయ్య ఉన్నప్పుడే తీయించేశారట.

అసలు గొడవ గడియారాలాయన ఇంట్లో మొదలైంది. మా వెనక వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన, పట్టపగలు భోజనానికని అలా బయటికెళ్లి వచ్చేసరికి వంటింటి కిటికీ పెకలించి ఉంది. టీవీ పోయింది, మిక్సీ పోయింది, టేబుల్ మీద ఉన్న ఎనిమిది గడియారాలు పోయాయి. అవన్నీ రిపేరుకి వచ్చి ఆగిపోయి ఉన్నవి. గోడ మీద నడుస్తున్న వాటిని దొంగ ముట్టుకోలేదు. "వాడెవడో నాకంటే పనిలేనివాడిలా ఉన్నాడు" అని ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వు మా నాన్నకి ఎక్కలేదు.

నాన్న దూరపు బస్సులు నడుపుతాడు. పగటిపూట ఇంట్లో ఉండేది ఒక్క ఆదివారమే. అమ్మ బడిలో లెక్కల టీచరు, పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. నాకు చదువైపోయి ఉద్యోగంలో చేరడానికి ఇంకో నెల ఉంది, చేరాక నేనూ ఉండను. అంటే పగలంతా ఇంట్లో ఉండేది నానమ్మ ఒక్కతే, ఊచల్లేని కిటికీ పక్కన.

ఆ ఆదివారం భోజనాలయ్యాక నాన్న వెళ్లి కిటికీ గొళ్లేన్ని వేలితో ఇలా అన్నాడు, అది ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"వచ్చే ఆదివారం వెల్డర్ని పిలుస్తున్నా. కిటికీకి అడ్డంగా కడ్డీలు కొట్టించేసి తలుపులు బిగించేద్దాం. అమ్మా, నువ్వు మిషన్ వెనక గదిలో వేసుకో."

"వెనక గదిలో వేసుకుంటే బట్టలు ఎవరు తెచ్చిస్తార్రా, పావురాలా?"

"తలుపు కొడతారు."

"కొడితే నేను లేవాలిగా. ఈ మోకాళ్లతో ఆరుసార్లు లేచి కూర్చునేసరికి జిప్పు సంగతి దేవుడెరుగు, నాకే కుట్లు పడతాయి."

"అందుకే మానెయ్యమంటున్నా. ఇప్పుడు నువ్వు కుట్టకపోతే ఇల్లు గడవదా?"

నానమ్మ ఏమీ అనలేదు. నానమ్మ ఏమీ అనకపోవడం అంటే మా ఇంట్లో కరెంటు పోయినట్టే. నాన్నకీ అది అర్థమైంది, గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా. స్టీరింగు పట్టుకున్నంతసేపూ నా కళ్లు రోడ్డు మీదుంటాయి, ప్రాణం ఈ కిటికీ మీదుంటుంది. రోజుకి నాలుగొందల కిలోమీటర్లు అలా నడపాలంటే నా వల్ల కావట్లేదు."

ఇద్దరిదీ న్యాయమే. అదే కదా చిక్కు! నేను లేచి నిలబడ్డాను.

"నాన్నా, నాకొదిలెయ్. ఈ వారంలో ఇంటి మొత్తానికి తాళాలు, గడియలు, గ్రిల్లు నేను ఎంచుతాను. కిటికీ ఉంటుంది, దొంగ రాడు."

"ఒసేయ్ రేడియో," అన్నాడు నాన్న. ఇంట్లో నా పేరదే, ఒకసారి ఆన్ చేస్తే ఆగనని. "ప్యాంటు పట్టాలి, దొంగ పట్టకూడదు. అలాంటి కిటికీ చూపిస్తావా?"

"చూపిస్తా!"

"ఆదివారం నేనే దొంగనై చూస్తా. నేను లోపలికి చెయ్యి పెట్టి తీయగలిగానా, అదే రోజు కడ్డీలు కొట్టిస్తా. తర్వాత నా దగ్గర ఏడ్పులు పనికిరావు."

"ఏడ్పులు ఎవరివో చూద్దాం" అన్నాన్నేను. పెద్ద మొనగత్తెలా అన్నాను గానీ, అప్పటికి నాకు తాళం గురించి తెలిసింది ఒక్కటే, దాన్ని పోగొట్టుకోవడం.

సోమవారం పొద్దునే నానమ్మ మిషన్ ముందు కూర్చుంది గానీ, బట్టలు పట్టుకొచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్తోంది, "ఆదివారంలోపు ఇచ్చేసేవే తీసుకుంటానమ్మా. ఆ తర్వాతవి ఆ తర్వాత చూద్దాం." పక్కింటావిడ పాపం పెళ్లికి వేసుకోవాల్సిన కోటు తెచ్చింది, ఇంకా మూడు వారాలుంది. నానమ్మ దాన్ని తడిమి చూసి, మడత పెట్టి వెనక్కిచ్చేసింది. అంత మంచి గుడ్డని ఆవిడ వెనక్కిచ్చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. 

ఇక చూడండి నా హడావుడి! రెండు రోజులు తిండీ నీళ్లూ మానేసినట్టు ఫోన్లో వీడియోలు చూశాను. అబ్బ, తాళాల్లో ఎంత ఉందండీ! లోపలికి వేలంత పొడుగు దూరే గడియలు, డూప్లికేటు చేయించడానికి కుదరని తాళంచెవులు, కిటికీ కదిలితే కుయ్యోమనే డబ్బీలు, తాళంచెవే అక్కర్లేకుండా వేలిముద్రతో తెరుచుకునే తాళాలు. ఆ చివరిదాని మీద నా మనసు పడిపోయింది. నల్లగా నిగనిగలాడుతూ, వేలు పెడితే నీలంగా వెలిగి, ఆడగొంతుతో "స్వాగతం" అంటుంది. ఇంటికెవరొచ్చినా స్వాగతం చెప్పే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, తాళానికైనా ఉండనీ అనుకున్నాను.

బుధవారం జాబితా రాసుకుని బజార్లో తాళాల కొట్టుకి వెళ్లాను. ఆ కొట్టు చూడాలి మీరు. మధ్యలో గోడ లేకుండా ఒక్క తలుపు నిలబడి ఉంటుంది, చట్రంతో సహా, నేలకి బిగించి. దాని నిండా కింద నుంచి పైదాకా తాళాలు, గొళ్లేలు, పిడులు. పక్కనే అలాంటిదే ఒక ఊచల కిటికీ. కొట్టాయన సన్నగా పొడుగ్గా ఉన్నాడు, చేతులైతే మోకాళ్ల దాకా ఉన్నాయేమో అనిపించింది. నేను గుక్క తిప్పుకోకుండా జాబితా మొత్తం చదివేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఎవరికమ్మా ఇవన్నీ?"

"మా ఇంటికండీ."

"ఇంటికి చేతులుండవు కదా. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"మా నానమ్మ."

"అయితే ఆవిడ్ని తీసుకురా."

"అన్నీ నేను చూసుకున్నానండీ, ఆవిడకి వీటి గురించి ఏమీ తెలీదు."

"ఆవిడకి తెలియక్కర్లేదు, ఆవిడ చేతులకి తెలిస్తే చాలు. తీసేవాళ్ల చేతులు చూడకుండా నేను తాళం ఇవ్వనమ్మా. చూడకుండా ఇచ్చినవన్నీ ఈ ముప్పై ఏళ్లలో తిరిగి నా దగ్గరికే వచ్చాయి, బాగోలేక కాదు, తీయడం చేతకాక. రేపు రండి."

గురువారం నానమ్మని ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. దారంతా ఒకటే సణుగుడు. "నా చేతులు చూడ్డానికి వాడెవడే, జ్యోతిష్యుడా?"

కొట్టాయన కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, తర్వాత ఏం చేశాడో తెలుసా, నానమ్మ రెండు చేతులకీ రెండు సంచులు తగిలించాడు. "ఇప్పుడు ఈ తలుపు తీయండమ్మా" అన్నాడు.

"ముందు వేలిముద్రది, వేలిముద్రది!" అన్నాను నేను.

వేలిముద్ర ఎక్కించుకునేలా కొట్టాయన దాన్ని ఆన్ చేశాడు, నానమ్మ సంచి దింపి చూపుడువేలు పెట్టింది. ఎర్రగా వెలిగింది. "మళ్లీ ప్రయత్నించండి" అంది తాళం. మళ్లీ పెట్టింది. "మళ్లీ ప్రయత్నించండి." బొటనవేలు పెట్టింది, అదీ అంతే. నాలుగోసారికి నానమ్మకి ఒళ్లు మండింది. "నలభై ఏళ్లు సూది పట్టిన వేళ్లే ఇవి! గీతలుంటే కదా నీకు చూపించడానికి! ఉండు, నా ఇంట్లోకి నన్ను రానివ్వడానికి నీ పెత్తనమేంటే?" అని తాళంతో కొట్లాటకి దిగింది. కొట్టాయన ముఖం పక్కకి తిప్పుకుని నవ్వాడు. నా నల్లటి నిగనిగల తాళానికి అప్పుడే సగం అందం తగ్గిపోయింది.

ఆ తర్వాత గుండ్రటి పిడి, అది జారిపోయింది. వేళ్లతో నొక్కి తిప్పే చిన్న గుబ్బ, దానికి నానమ్మ బొటనవేలి కీలు ఒప్పుకోలేదు, ముఖం చిట్లించింది. లోపలివైపు కూడా తాళంచెవితోనే తీయాల్సినది ఒకటి చూపించమని నేనే అడిగాను, వీడియోల్లో దాన్ని ఆకాశానికెత్తేశారు మరి. కొట్టాయన దాన్ని బయటికే తీయలేదు.

"ఇంట్లో పొగ కమ్ముకుందనుకో, అప్పుడు తాళంచెవి వెతుక్కుంటూ కూర్చుంటారా? దొంగని ఆపే తాళం ఇంట్లోవాళ్లని ఆపకూడదు. కిటికీకి కూడా అదే మాట. గ్రిల్లు బిగించెయ్యకండి, తలుపులా తెరుచుకునేది పెట్టించుకోండి."

చివరికి తలుపుకి, బయట తాళంచెవి, లోపల చెంచా కాడలాంటి పొడుగు పిడి ఉన్నది ఎంచుకున్నాం. నానమ్మ రెండు సంచులతోనే మోచేత్తో దాన్ని కిందికి నొక్కి తీసేసింది, తీసి, మమ్మల్నిద్దర్నీ గర్వంగా చూసింది. కిటికీ గ్రిల్లుకి పిడికిలితో తోస్తే తెరుచుకునే లావుపాటి గడియ. దాని చుట్టూ మూడు పక్కలా రేకు కప్పి ఉంటుంది, పై నుంచి మాత్రమే చెయ్యి దూరుతుంది. కొట్టాయన దాన్ని తన కిటికీకి కింద మూలన బిగించి, బయటివైపుకి వెళ్లి, ఆ మోకాళ్ల దాకా ఉన్న చేతిని ఊచల్లోంచి భుజం దాకా దూర్చాడు. వేళ్లు రేకుని గోకాయి గానీ గడియ అందలేదు.

"నా చేతికి అందకపోతే ఎవడి చేతికీ అందదు" అన్నాడు, చెయ్యి దులుపుకుంటూ.

ఇంకోటి కూడా చెప్పాడు, నాకు ప్రపంచం తలకిందులైపోయింది. తలుపు తాళం ఎంత గొప్పదైనా, దాని గడియ వెళ్లి దూరే రేకుని చట్రానికి గోరంత స్క్రూలతో బిగిస్తారట, ఒక్క తన్నుకి అదే ముందు ఊడుతుందట. నాకు వేలంత పొడుగు స్క్రూలు పొట్లం కట్టిచ్చాడు. ఇంటికి రాగానే మా పాత తాళం రేకు విప్పి చూశాను. నిజంగానే గోరంతవి! ఇన్నేళ్లుగా మేమందరం రెండు గోళ్ల భరోసా మీద పడుకున్నామన్నమాట.

ఇక గ్రిల్లు. శుక్రవారం పొద్దునే నానమ్మ టేపు తీసుకుని కిటికీ కొలిచాను. పసుప్పచ్చ టేపు, దాని చివరుండే ఇత్తడి రేకు ముక్క ఎప్పుడో ఊడిపోయింది, అంకెలు కూడా చాలావరకు అరిగాయి, అయినా చదవొచ్చు. వెడల్పు ముప్పై ఆరంగుళాలు, ఎత్తు నలభై ఆరు. లెక్కల టీచరు కూతుర్ని కదా, మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అదే వచ్చింది. చట్రం, దాంట్లో కీళ్ల మీద లోపలికి తెరుచుకునే ఊచల తలుపు, కింద మూలన గడియ, అన్నీ కాగితం మీద గీసి వెల్డర్ దగ్గరికి పరిగెత్తాను.

వెల్డర్‌ని మేం బాబాయ్ అంటాం, చుట్టమేం కాదు. కాగితం చూసి అన్నాడు, "వచ్చి ఒకసారి నేను కొలుచుకోనా?"

"అక్కర్లేదు బాబాయ్, మూడుసార్లు కొలిచా. ఆదివారానికి కావాలి."

"నీ ఇష్టం. ఇచ్చిన కొలతకి వెంట్రుక తేడా రాదు నా దగ్గర."

రాలేదు కూడా. అదే మా కొంప ముంచింది.

ఆదివారం పది గంటలకి బాబాయ్ గ్రిల్లు తెచ్చాడు. ఎంత బావుందో! సన్నగా, గట్టిగా, బూడిదరంగు వేసి, తలుపు మెత్తగా ఊగుతూ. నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ దిద్దాల్సిన పేపర్లు పక్కన పెట్టి మరీ వచ్చింది. నానమ్మ కిటికీ ముందున్న మిషన్ పక్కకి జరిపించుకుని నిలబడింది. బాబాయ్ గ్రిల్లు ఎత్తి కిటికీలో పెట్టబోయాడు.

పట్టలేదు.

ఏటవాలుగా పెట్టాడు. పట్టలేదు. తన టేపు తీసి కిటికీ కొలిచాడు. "ముప్పై నాలుగు, నలభై నాలుగు" అన్నాడు. నా కాగితం తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు, ముప్పై ఆరు, నలభై ఆరు.

"కిటికీ ఏమన్నా చిక్కిపోయిందంటావా?" అన్నాడు నాన్న.

"నేను మూడుసార్లు కొలిచాను!" నాకు ఏడుపొచ్చేస్తోంది. "నానమ్మ టేపుతోనే!"

నానమ్మ "అయ్యయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా టేపుతోనా? ఒసేయ్ పిచ్చిదానా, దాని ముందు రెండంగుళాలు లేవే! చివర పీచులైపోతే పదేళ్ల కిందట కత్తిరించేశాను. రెండు దగ్గర్నుంచి మొదలవుతుంది అది. నేనైతే అలవాటుగా రెండు తీసేసుకుంటాను."

అమ్మ టేపు తీసుకుని చూసింది. నిజమే, మొదటి అంకె మూడు. అరిగిపోయిన చివర్ని సున్నా అనుకుని మూడుసార్లు జాగ్రత్తగా తప్పు కొలిచాన్నేను. "మూడుసార్లు ఒకేలా వచ్చింది కాబట్టి కరెక్టేనని ఎవరు చెప్పారే నీకు?" అంది అమ్మ, తన క్లాసులో పిల్లల్ని అడిగినట్టు.

"కోసి మళ్లీ కట్టాలంటే పది రోజులు" అన్నాడు బాబాయ్. "చేతిలో రెండు పనులున్నాయి."

నాన్న లేచాడు. కోపంగా లేడు, అదే ఇంకా భయం వేసింది. "పది రోజులు ఈ కిటికీని ఇలా వదిలేసి నేను బస్సెక్కలేను. కడ్డీలున్నాయా బండిలో? నాలుగు అడ్డంగా కొట్టెయ్. రేడియో, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ మాటంటే మాటే."

బాబాయ్ కడ్డీల కోసం బయటికి నడిచాడు. రేడియో మూగబోయింది. నానమ్మ వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. చూస్తే ఏముంది, ఆవిడ నన్ను చూడట్లేదు, గోడకి ఆనించిన గ్రిల్లుని చూస్తోంది, అచ్చం ఎవరైనా చిరిగిన ప్యాంటు తెచ్చిస్తే చూసినట్టు, తల కాస్త వంచి, పెదవులు బిగించి.

"ఒరేయ్ వెల్డరూ, ఆగు" అంది.

బాబాయ్ గుమ్మంలో ఆగాడు.

"ప్యాంటుకి చిరుగు పడితే నేను అతుకు ఎంత కత్తిరిస్తాను? చిరుగంతా?"

"నాకేం తెలుసమ్మా, నేను ఇనుము కుట్టేవాణ్ణి."

"చిరుగంతే కత్తిరిస్తే దాన్ని దేనికి కుడతావు, గాలికా? అతుకు చిరుగు కంటే నాలుగు పక్కలా అంగుళం పెద్దదుండాలి. అప్పుడే లోపలి నుంచి వేసి చుట్టూ కుట్టెయ్యొచ్చు. ఇది మరి నాలుగు పక్కలా అంగుళం పెద్దదేగా? రంధ్రంలో ఎందుకు కుక్కుతున్నావు దాన్ని? లోపలి గోడ మీద పరిచి కుట్టు."

బాబాయ్ మెల్లగా వచ్చి గ్రిల్లు ఎత్తి, లోపలి వైపు గోడకి, కిటికీ మీద ఆనించాడు. చుట్టూ సరిగ్గా అంగుళం. మూత పెట్టినట్టు సరిపోయింది.

"అంచుకి ఇంత దగ్గర బోల్టు కొడితే ఇటుక పగుల్తుంది" అన్నాడు తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు, "కానీ చుట్టూ ఎనిమిది చెవుల్లాంటి ముక్కలు అతికిస్తే... ఒక్కోటి నాలుగంగుళాలు పక్కకి జరిగి... పొడుగు బోల్టులు లోతుగా..." కళ్లు వెలిగాయి. "అన్నా, అసలు ఇదే నయం! కిటికీ చట్రం మధ్యలో పెడితే గునపం దూర్చడానికి పక్కన సందు ఉండేది. ఇప్పుడు అంచు గోడ చాటున ఉంటుంది. బయటివాడికి బోల్టు తల కూడా కనపడదు."

నాన్న నానమ్మని చూశాడు, గ్రిల్లుని చూశాడు. "కుట్టు" అన్నాడు.

బండిలో వెల్డింగ్ మిషన్ ఉంది, ఇనుప ముక్కలున్నాయి. రెండు గంటలు మా ఇంట్లో నిప్పురవ్వలు, దుమ్ము, డ్రిల్లు గోల. కర్టెను కమ్మీ అడ్డొస్తుంటే తీసేశాం. ఊచల తలుపు లోపలికి తెరుచుకోవాలి కాబట్టి కుట్టు మిషన్ కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చాం. నానమ్మ కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూసింది. "ఇక్కడ వెలుతురు నయం. ముప్పై ఏళ్లూ తప్పు పక్కన కూర్చున్నాను" అంది.

అప్పుడు నాన్న దొంగయ్యాడు. టోపీ ఒకటి పెట్టుకుని మరీ వీధిలోకి వెళ్లాడు. "అక్కర్లేదు, నీ ముఖానికి టోపీ లేకపోయినా సరిపోతుంది" అంది అమ్మ. భుజం దాకా చెయ్యి దూర్చి తడుముకున్నాడు, రేకు తగిలింది, గడియ తగల్లేదు. వంచిన తీగ తెచ్చాడు, అది రేకు మీద టకటకమంటూ జారింది. ఇనుప కడ్డీ తెచ్చి అంచున సందు వెతికాడు, గోడ తప్ప ఏమీ దొరకలేదు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఊపాడు, తనే ఊగాడు. అటు వెళ్తున్న నర్సక్క ఆగిపోయి, "పెద్దమ్మా, ఎవడో మీ కిటికీ పీకుతున్నాడు, పోలీసుల్ని పిలవనా?" అని అరిచింది.

"పిలువు, పిలువు, మావాడే" అంది నానమ్మ.

నాన్న చెమట తుడుచుకుంటూ ఊచల్లోంచి లోపలికి చూశాడు. టోపీ తీసేశాడు, చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు, బనీనుతో వీధిలో నిలబడి ఆ చొక్కాని చుట్టచుట్టి ఊచల మధ్యలోంచి లోపలికి తోశాడు. మోచెయ్యి దగ్గర పొడుగ్గా చిరిగి ఉంది, కడ్డీతో తంటాలు పడుతున్నప్పుడు చిరిగినట్టుంది.

"దీనికి అతుకు వేయాలమ్మా."

నానమ్మ పిడికిలితో గడియ తోసింది, గ్రిల్లు మెత్తగా తెరుచుకుంది. చొక్కా చిరుగు వెలుతురుకి పట్టుకుని చూసింది, తల వంచి, పెదవులు బిగించి.

"ఇవ్వాళ కుదరదు నాయనా. ముందు పక్కింటావిడ పెళ్లికోటు ఉంది. బుధవారం రా."

"నేను బుధవారం డ్యూటీలో ఉంటాను కదమ్మా."

"అయితే ఆదివారం రా. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటా." నాన్న చొక్కా వెనక్కి తీసుకోబోతుంటే చేతి మీద చిన్నగా కొట్టింది. "అది ఉంచు. రేడియో, పోవే, పక్కింటికెళ్లి కోటు తీసుకురమ్మని చెప్పు. వచ్చేటప్పుడు కొత్త టేపు కూడా ఒకటి కొనుక్కురా, సున్నా ఉన్నది."

నేను అప్పటికే గుమ్మం దాటేశాను.